బొగ్గు గని పక్క ఊరికి: బావి, చెరువు, అడవి ఏమవుతాయి?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: గోదావరి లోయలోని ఒక ఊరికి కిలోమీటరున్నర దూరంలో కొత్త ఓపెన్ కాస్ట్ గని (నేలను పైనుంచే తెరిచి తవ్వే గని) వస్తోంది, వచ్చే నెలలో ప్రజాభిప్రాయ సేకరణ ఉంది, అడిగినవారి భూములు సేకరణలో పోవడం లేదు. అయినా బావులకు, ఊరి చెరువుకు, పక్కనున్న అడవికి నష్టం ఉంటుందా? ఉద్యోగాలొస్తాయని కొందరు, ఊరు ఎడారవుతుందని కొందరు అంటుంటే ఏది నమ్మాలి?

రెండూ తొందరపడి అన్న మాటలే. భూగర్భ జలాల సర్వే ఉద్యోగంలో దాదాపు ముప్పై ఏళ్లు పనిచేసి, అందులో ఎక్కువ కాలం ఎల్లందు, మణుగూరు, రామగుండం, బెల్లంపల్లి చుట్టుపక్కల బావులు కొలుస్తూ తిరిగినవాణ్ని కనుక నాకు తెలిసినంతలో చెబుతాను. గని వస్తోందనగానే అందరూ ఎన్ని ఎకరాలు పోతాయని అడుగుతారు, ఆ లెక్క కాగితం మీద ఎలాగూ ఉంటుంది. నీళ్ల దారి ఎలా మారుతుందని మాత్రం ఎవరూ అడగరు. నేల, ఇసుక, అడవి అన్నిటి నష్టమూ చివరికి ఆ దారిలోనే బయటపడుతుంది. సేకరణ హద్దురాళ్లు నేల మీద పాతుతారు, వాటి సంగతి కిందనున్న నీళ్లకు తెలియదు.

ముందుగా ఈ నేల సంగతి. 1871లో భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ ఎల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు, 1889లో తవ్వకం మొదలైంది, 1920లో సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ ఏర్పడింది. ప్రాణహిత, గోదావరి లోయ వెంట సుమారు 350 కిలోమీటర్ల పొడవునా బొగ్గు పరుచుకుని ఉంది. తెలంగాణలో మిగతా చోట్ల ఎక్కువగా గ్రానైటు రాయి కాబట్టి నీళ్లు పైనున్న మెత్తబడిన పొరలోనో, బండ పగుళ్లలోనో కొద్దిగా దొరుకుతాయి. ఈ లోయ అలాంటిది కాదు. ఇక్కడ బొగ్గు పొరలకు పైనా కిందా మధ్యలోనూ ఉన్నది ఇసుకరాయి, ఆ రాయే నీళ్లను పట్టి ఉంచుకునే గాదె. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోర్లలోంచి మోటరు లేకుండానే వేడినీళ్లు పైకి తన్నుకొచ్చాయంటే ఆ పొరల్లో ఎంత ఒత్తిడితో నీరుందో ఊహించుకోవచ్చు. బొగ్గూ నీళ్లూ ఒకే ఇంట్లో కాపురమున్న చోట, ఒకదాన్ని తీసేటప్పుడు రెండోదాన్ని కదిలించకుండా ఉండడం కుదరదు.

ఓపెన్ కాస్ట్ గనిని నేను పెద్ద బావిగానే చూస్తాను. మీ ఊళ్లో వ్యవసాయ బావి పన్నెండు, పదిహేను మీటర్ల లోతు ఉంటుందనుకుందాం. దాని పక్కన వందల ఎకరాల వెడల్పుతో, నూట యాభై నుంచి రెండు వందల మీటర్ల లోతు బావి ఒకటి తవ్వి, రాత్రీ పగలూ పంపులతో తోడుతుంటే ఏమవుతుందో రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చుట్టూ ఉన్న నీటిమట్టం గని వైపు వాలుతుంది, గనికి దగ్గరైన కొద్దీ ఆ వాలు నిటారుగా ఉంటుంది. అయితే ఈ ప్రభావం గని చుట్టూ గీసిన వృత్తంలా అన్ని వైపులా ఒకేలా ఉండదు. ఈ లోయ నిండా ఫాల్టులు, అంటే రాతి పొరలు విరిగి పక్కకు జరిగిన చోట్లు, ఉన్నాయి, ఒక్కో చోట ఇసుకరాయి పొరలకు నడుమ బంకమట్టి పొరలూ ఉన్నాయి. కొన్ని ఫాల్టులు గోడలా నీటిని అడ్డుకుంటాయి, కొన్ని కాలువలా దారి ఇస్తాయి. అందుకే ఒకే ఊళ్లో తూర్పు వైపు బావులు ఎండిపోయి పడమటి బావులు చెక్కుచెదరకుండా ఉండడం నేను చూశాను. కిలోమీటరున్నర దూరం అంటే భయపడాల్సిన దూరమే, కానీ మీ బావులకూ గనికీ మధ్య ఏ రాయి ఉందో తెలియకుండా ఎండుతాయనీ ఎండవనీ ఖాయంగా చెప్పేవాళ్లను నమ్మకండి.

ఒక మే నెలలో అలాంటి ఊళ్లోనే ఒక రైతు తన బావి దగ్గరికి తీసుకెళ్లి మోటరు పైపు చూపించాడు. పైన ఒరిజినల్ పైపు ఎండకు వెలిసి బూడిద రంగులో ఉంది, దాని కింద మూడు ముక్కలు, మూడూ వేర్వేరు ఏళ్లలో కొన్నవి కనుక మూడు రంగులు. "మూడుసార్లు అతుకు పెట్టిన సారూ, ఇగ ఇంకింత దించుదామంటే కింద బాయే లేదు" అన్నాడు. బావి రాతికట్టు మీద పాత నీటిమట్టాల చారలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తున్నాయి. నష్టపరిహారం అడిగితే అక్కడి గని యాజమాన్యం వానలు తక్కువ పడ్డాయని రాసి పంపింది. ఆ రెండేళ్లు వానలు తక్కువ పడిన మాటా నిజమే, చుట్టుపక్కల బోర్లు పెరిగిన మాటా నిజమే, గని లోతు పెరిగిన మాటా నిజమే. ఏది ఎంత శాతం కారణమో నేను నిరూపించలేకపోయాను, ఎందుకంటే గని రాకముందు ఆ బావిలో నీళ్లెంత ఉండేవో ఎక్కడా ఒక్క అంకె కూడా రాసి లేదు. ఆ రైతు జ్ఞాపకానికి ఫైలులో విలువ లేకపోయింది. నా ఉద్యోగంలో నన్ను ఎక్కువగా బాధపెట్టిన సంగతి ఇది, ఈ సమాధానం ఇంత పొడుగ్గా రాయడానికి కారణమూ ఇదే.

గని తోడిపోసే నీళ్ల కథ ఇంకోలా ఉంటుంది. లోయలో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడుతుందనుకుంటే, 500 హెక్టార్ల గని గుంతలో నేరుగా పడే వాననీరే 50 లక్షల ఘనపు మీటర్లు. దానికి ఊటనీరు తోడవుతుంది. కొంత దుమ్ము అణచడానికి రోడ్ల మీద చల్లుతారు, కొంత చుట్టుపక్కల ఊళ్లకు ఇస్తారు, మిగిలింది వాగులో వదులుతారు. దానివల్ల ఎండాకాలంలో ఎప్పుడూ పారని వాగు పారడం మొదలవుతుంది, దిగువ రైతులు దాన్ని నమ్ముకుని రెండో పంట వేస్తారు, కొందరు ఏకంగా వరికి మారతారు. ఆ ఊళ్లలో గని మీద ఫిర్యాదు ఉండదు, పైగా మెప్పు ఉంటుంది. గని మూతపడి పంపులు ఆగిన ఏడాది వాగు పాత వాగైపోతుంది. గుంత చుట్టూ నీటిమట్టం తిరిగి కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి ఆ మధ్యకాలంలో పైన వాగులోనూ నీళ్లుండవు, కింద బావిలోనూ ఉండవు. ఇరవై ఏళ్లలో ఒక తరం అలవాటుపడిన నీళ్లు గని నీళ్లని ఎవరికీ గుర్తుండదు.

నీటి నాణ్యత విషయంలో మాత్రం ఇంటర్నెట్‌లో కనిపించే భయంకరమైన చిత్రాలను ఇక్కడికి అన్వయించకండి. మేఘాలయలోని జైంతియా కొండల్లో బొగ్గుకు గంధకం ఎక్కువ. అది గాలీ నీరూ తగిలి ఆమ్లంగా మారి అక్కడి వాగుల్లో చేపలు లేకుండా చేసింది, లుఖా నది చలికాలంలో నీలంగా మారడం దేశమంతా చూసింది. అక్కడి ఎలుక బొరియల తవ్వకాన్ని (మనిషి పాకి వెళ్లేంత సన్నని సొరంగాల్లో బొగ్గు తీయడాన్ని) 2014లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించడానికి ఈ ఆమ్ల జలాలు ఒక ముఖ్య కారణం. గోదావరి లోయ బొగ్గులో బూడిద ఎక్కువ, గంధకం తక్కువ, సాధారణంగా ఒక శాతం లోపే. కాబట్టి ఇక్కడి గని నీళ్లలో ఆమ్లం కన్నా నీటి కఠినత్వం, కరిగిన లవణాలు, కలిసి వచ్చే సన్నమట్టి, బొగ్గు పొడి ఎక్కువ ఇబ్బంది పెడతాయి. తేర్చే చెరువుల్లో సరిగా నిలబెట్టకుండా వదిలితే ఆ సన్నమట్టి పొలంలో పేరుకుని నేల మీద పెచ్చు కడుతుంది, కింది వేరుకు నీరందదు.

ఇక నేల మీది సంగతి. నా దృష్టిలో బావుల కన్నా ముందు దెబ్బతినేది చెరువు, అందరూ చివర్లో గమనించేదీ అదే. ఈ లోయలో ఒక టన్ను బొగ్గు తీయడానికి ఐదారు ఘనపు మీటర్ల మట్టీ రాయీ తీయడం మామూలు. కార్మికులు దాన్ని ఓబీ అంటారు. ఏడాదికి 20 లక్షల టన్నుల గని అంటే కోటి ఘనపు మీటర్లకు మించిన ఓబీ. పేల్చి తీసిన రాయి తన పాత చోట పట్టదు, ఇరవై ముప్పై శాతం ఉబ్బుతుంది. తొలి ఏళ్లలో గుంతలో వెనక్కి నింపడానికి ఖాళీ ఉండదు కాబట్టి అదంతా బయటి నేల మీద గుట్టలుగా పెరుగుతుంది. ఆ గుట్ట ఎక్కడ పెడతారన్నదే మీ చెరువు తలరాత. చెరువు నిండేది కట్ట దగ్గర పడ్డ వానతో కాదని మీకు తెలుసు, పైనున్న చెలకల నుంచీ అడవి నుంచీ చిన్న చిన్న ఒర్రెలుగా దిగివచ్చే నీళ్లతో నిండుతుంది. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు అలుగు పారితేనే కింది చెరువుకు నీళ్లు. ఒక్క ఒర్రె గని గుంతలోకి తిరిగినా, ఒక్క ఒర్రె ఓబీ గుట్ట కిందికి పోయినా గొలుసులో ఆ తర్వాతి చెరువులన్నీ సగం నిండి ఆగిపోతాయి. పర్యావరణ నివేదికలో వాగుల మళ్లింపు గురించి ఒక అధ్యాయం ఉంటుంది, అయితే పటంలో పేరున్న వాగులే ఆ అధ్యాయంలోకి ఎక్కుతాయి. పేరులేని ఒర్రె మీ ఊరివాళ్లకే తెలుసు.

గుట్టను బెంచీలుగా, అంటే మెట్లు మెట్లుగా, కట్టకుండా, గడ్డి మొలవకముందే వదిలేస్తే తొలకరికే దాని ఒంటి నిండా వాననీటి కోతలు పడతాయి. ఒకసారి జూన్‌లో పెద్దవాన పడ్డ మర్నాడు చెరువు శిఖంలో (నీళ్లు నిలిచే నేలలో) నడుస్తూ కర్ర గుచ్చి చూశాను. పైన బూడిద రంగు ఒండు, దాని కింద నల్లరేగడి, రెంటికీ మధ్య కత్తితో కోసినంత స్పష్టమైన గీత. ఆ పై పొర ఒక్క వానాకాలానిది, జానెడు మందం ఉంది. చెరువు ఒండు తోలుకుంటే పొలానికి బలమని మన రైతుకు తరతరాల నమ్మకం, కానీ ఈ ఒండులో సేంద్రియ పదార్థం ఉండదు, తోలితే రేగడి కూడా చెడుతుంది. ఇదే సందర్భంలో పై మట్టి గురించి కూడా చెప్పాలి. పంట పండే పైనున్న అడుగు మందం మట్టిని విడిగా తీసి దాచి, తర్వాత గుట్టల మీద పరచాలన్నది అనుమతి షరతుల్లో ఉంటుంది. పెద్ద కుప్పగా పోసి ఏళ్ల తరబడి ఉంచితే అందులోని సూక్ష్మజీవులూ గడ్డి గింజలూ చచ్చిపోయి అది ఉత్త మట్టి అవుతుంది. తీసిన పై మట్టిని ఎన్ని నెలల్లో తిరిగి వాడతారని అడిగితే ఎవరి దగ్గరా సూటి జవాబు ఉండకపోవడం నాకు అనుభవమే.

భూగర్భ గని అయితే ఇంత నష్టం ఉండదు కదా అని మీరు అడగవచ్చు. నేల మీద కనిపించే నష్టం నిజంగానే తక్కువ. కానీ పైకప్పుకు ఆసరాగా వదిలిన బొగ్గు పిల్లర్లను కూడా తీసేశాక దాన్ని కూలనిస్తే, పైన నేల కుంగి పగుళ్లు పడతాయి, ఆ పగుళ్లలోంచి చెరువు నీళ్లో, అడవిలోని ఊటలో కిందికి జారిపోతాయి. కూలనివ్వకుండా ఉండాలంటే ఖాళీని ఇసుకతో నింపాలి. టన్ను బొగ్గు సుమారు ముప్పాతిక ఘనపు మీటరు చోటు ఆక్రమిస్తుంది, కాబట్టి దాదాపు అంత ఇసుక కావాలి. దశాబ్దాల పాటు ఆ ఇసుక గోదావరి నుంచే వచ్చింది. పైన భూమిని కాపాడిన ఇసుక నదిని లోతు చేసింది, నది పడక దిగితే ఒడ్డున ఉన్న ఇసుక బావుల్లో నీళ్లూ దిగుతాయి. ఓబీ రాయిని పిండిచేసి ఇసుకగా మార్చి గనుల్లో నింపే పద్ధతి సింగరేణిలో వచ్చింది. అది మంచి పని, నా ఉద్దేశంలో ముప్పై ఏళ్లు ఆలస్యంగా వచ్చిన మంచి పని. ఏదేమైనా ఇప్పుడు సింగరేణి ఏటా తీసే సుమారు ఏడు కోట్ల టన్నుల్లో భూగర్భ గనుల వాటా పదో వంతుకు కూడా రాదు, కనుక మీ ఊరికి వచ్చేది ఓపెన్ కాస్టే అయినందుకు ఆశ్చర్యం లేదు.

అడవి విషయంలో లెక్క ఎప్పుడూ హెక్టార్లలో రాస్తారు, మొక్కలు ఎన్ని లక్షలు నాటారో రాస్తారు. ఓబీ గుట్టల మీద నీలగిరీ, సుబాబుల్, కానుగా పెరిగిన మాట వాస్తవమే, దూరం నుంచి పచ్చగానే కనిపిస్తుంది. కానీ ఎండాకాలంలో తునికాకు కోసే కోయ కుటుంబానికీ, ఇప్పపువ్వు ఏరే గోండు ఆడవాళ్లకూ నీలగిరి తోట అడవి కాదు. నీళ్ల కోణంలో చూసినా కాదు. పాత అడవిలో ఆకులు కుళ్లి మెత్తబడిన నేల వాననీటిని స్పాంజిలా పట్టుకుని నెమ్మదిగా ఒర్రెలోకి వదులుతుంది, జనవరి ఫిబ్రవరిల్లో కూడా ఒర్రె ఇసుకలో చెలిమె తీస్తే నీళ్లూరేది అందుకే. ఆ నేల తయారవడానికి పట్టే కాలం ఏ మూసివేత ప్రణాళికలోనూ లేదు. పైగా ఆసిఫాబాద్ వైపు గనులూ రోడ్లూ రైలు మార్గాలూ మహారాష్ట్రలోని తాడోబా నుంచి కవ్వాల్‌కు పులులు వచ్చే దారిని కూడా ఇరుకు చేస్తున్నాయి. మీ ఊరు ఆ పక్కన లేకపోతే ఆ చర్చ ఇక్కడ అనవసరం.

దుమ్ము గురించి ఎక్కువ రాయను, అది అందరి కళ్లకూ కనిపిస్తుంది. లారీల రోడ్డుకు ఆనుకుని పత్తి వేసినవాళ్లకు విరగపూసిన పత్తి తెల్లగా ఉండదని మాత్రం చెప్పగలను. బొగ్గు అంటుకుని ఝార్ఖండ్‌లోని ఝరియాలో 1916 నుంచీ మండుతున్న మంటల వంటి పరిస్థితి ఇక్కడ లేదు.

అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలిచేది చివరి గుంత. తీసిన బొగ్గు చోటు ఎలాగూ ఖాళీ, బయట పోసిన గుట్టల్ని తిరిగి లోపలికి తోలడం ఖర్చు కనుక మామూలుగా అన్నీ తోలరు, దాంతో గని ముగిసేసరికి వందల ఎకరాల లోతైన నీటి గుంత మిగులుతుంది. దాన్ని జలాశయమని పిలుస్తారు. దాన్లో నీళ్లుంటాయి నిజమే, కానీ మన ఎండలకు తెరిచిన నీటి మీద ఏడాదికి మీటరున్నర దాకా ఆవిరైపోతుంది, వాన పడేది మీటరు. ఆ తేడా చుట్టూ ఉన్న నేలలోంచే ఊరుతుంది, అంటే మూతపడ్డాక కూడా గని కొంత నీళ్లు తాగుతూనే ఉంటుంది. వెనక్కి నింపిన భాగంలో కూడా పాత పొరల వరస తిరిగి రాదు, అన్ని రాళ్లూ కలిసిపోయిన ఆ కుప్పలోంచి నీళ్లు పోయే తీరే వేరు, లవణాలూ ఎక్కువే కలుస్తాయి. మూసివేత కోసం 2009లో కేంద్ర బొగ్గు శాఖ ఓపెన్ కాస్ట్‌కు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి లక్ష చొప్పున అప్పటి ధరల్లో విడి ఖాతాలో జమ చేయాలని నిర్ణయించింది. ఆ డబ్బుతో కంచె, మొక్కలు, చదును పనులు అవుతాయి గానీ మీ బావి నీటిమట్టం తిరిగి రావడం ఆ ఖర్చుల జాబితాలో నేనెక్కడా చూడలేదు.

ఉద్యోగాల మాట కూడా అడిగారు కనుక ఒక్క వాక్యం: ఓపెన్ కాస్ట్ యంత్రాల గని, ఒకప్పుడు సింగరేణిలో లక్షకు పైగా ఉన్న కార్మికుల సంఖ్య ఇప్పుడు సగానికి తక్కువ, ఉత్పత్తి మాత్రం అప్పటికన్నా ఎన్నో రెట్లు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న నెల గురించి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి, సభ చివర్లో నమోదైన అభిప్రాయాలను అందరికీ అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి. సభలో ఆవేశంగా మాట్లాడినవి ఒక వాక్యంగా కుదించి రాస్తారు, రాతపూర్వకంగా ఇచ్చింది మాత్రం ఫైలులో ఉన్నదున్నట్టు ఉంటుంది. కనుక నివేదికలోని వాగుల పటం తీసుకుని ఊరి పెద్దవాళ్లను కూర్చోబెట్టి, మీ చెరువులోకి వచ్చే ప్రతి ఒర్రెనూ దాని మీద గీయించండి, ఓబీ గుట్ట ఎక్కడొస్తుందో చూసి ఏ ఒర్రె పోతుందో పేరుపెట్టి రాసి ఇవ్వండి. చివరి గుంత విస్తీర్ణమెంత, పంపులు ఆగాక నీటిమట్టం కోలుకోవడానికి ఎన్నేళ్లు వేశారు, అప్పటిదాకా తాగునీరెవరిస్తారు అని అడగండి. అనుమతి వచ్చాక ఏడాదికి నాలుగుసార్లు చుట్టుపక్కల బావుల నీటిమట్టం కొలవాలన్నది మామూలుగా ఉండే షరతే. ఆ బావుల్లో మీ ఊరి బావులు కనీసం నాలుగు, ఊరికి నాలుగు వైపులా ఉండేలా పేర్లతో సహా చేర్చమని కోరండి.

ఈలోపు ఎవరికోసమూ ఆగకుండా మీరే కొలవండి. ఊళ్లోని ప్రతి బావికీ నంబరు వేసి, ఒరలో ఒక చోట ఎర్ర రంగు గీత పెట్టండి, ప్రతిసారీ ఆ గీత నుంచే కొలవాలి. పొద్దున్నే, మోటర్లు వేయకముందు కొలవాలి. ఇనుప టేపు చివరి మీటరుకు సుద్దముక్క రుద్ది దించితే నీళ్లు తగిలిన చోట సుద్ద నల్లబడుతుంది, పైకి తీసి అక్కడిదాకా లెక్క వేసుకుంటే సెంటీమీటరు తేడా రాదు. తారీఖు, బావి నంబరు, లోతు, నెలలో పడ్డ వాన ఒక రిజిస్టర్లో రాసి, పంచాయతీ కార్యదర్శి చేత ప్రతి పేజీ మీద సంతకమూ ముద్రా వేయించండి. మేలోనూ నవంబరులోనూ తప్పనిసరిగా కొలవండి, మొదటి పేజీ మాత్రం గని మొదటి పేలుడుకు ముందే నిండి ఉండాలి.